చక్రవర్తికి దొరకని సాధువు

చైనాలో, గుయ్‌జో రాష్ట్రంలో, మియావ్ అనే కొండజాతివాళ్ల ఊరు షీజ్యాంగ్‌లో డబ్బు తగలేసిన సంగతి ముందు చెప్పేస్తే ఆ తరువాత ప్రశాంతంగా మాట్లాడుకోవచ్చు. గేటు దగ్గర 90 యువాన్లు, లోపల తిప్పే బస్సుకు మళ్లీ విడిగా. మన లెక్కలో వెయ్యి దాటింది. కొండవాలు నిండా చెక్క ఇళ్లు చూడముచ్చటగానే ఉన్నాయి, కాదనను. కానీ కింది వీధుల్లో మియావ్ వెండి కిరీటాలు అద్దెకు పెట్టుకుని ఫొటోలు దిగే పర్యాటకులే తప్ప ఊరివాళ్లెవరో పోల్చుకోలేకపోయాను. సాయంత్రం ప్రదర్శనలో ఒక కుర్రాడు కర్ర తిప్పాడు, వేదిక మీద పొగ వదిలారు, అయిపోయింది.

నేను గుయ్‌జో వెళ్లింది ఆ కర్ర కోసమే. దేశం పట్టుకుని తిరిగే తావో మతపు సాధువులు మియావ్ పల్లెల్లో ఆగి యుద్ధవిద్యలు నేర్పి వెళ్లారనే కథల మీద నాకు ఎప్పటినుంచో మోజు. అందుకే మొదట ఫుచ్యువాన్‌లో దిగాను. థాయ్‌చీ అనే యుద్ధవిద్యకు ఆదిగురువుగా కొలిచే జాంగ్ సాన్‌ఫెంగ్ అక్కడి కొండ మీద సాధన చేశాడని స్థానికుల నమ్మకం. ఒళ్లూ బట్టలూ పట్టించుకోని మనిషి కాబట్టి ఆయనను మురికి జాంగ్ అని కూడా పిలిచేవారు. 1391లో మింగ్ వంశపు చక్రవర్తి హోంగ్‌వూ ఆయనను వెతికించాడు, దొరకలేదు. ఆ తరువాత యోంగ్‌ల చక్రవర్తి ఏళ్ల తరబడి మనుషులను తిప్పాడు, అప్పుడూ దొరకలేదు. చివరికి 1459లో మరో చక్రవర్తి, మనిషి లేకపోయినా సరే, ఒక బిరుదు ఇచ్చి ఊరుకున్నాడు. తమాషా ఏమిటంటే, ఆయన పేరును యుద్ధవిద్యతో ముడిపెట్టిన తొలి రాత 1669 నాటి ఒక సమాధి శాసనం. అన్నేళ్ల తరువాత రాసినదాన్ని చరిత్ర అనడానికి నాకు మనసొప్పదు. కొండ మీద ఫొటో ఒకటి తీసుకుని కైలీ రైలెక్కాను.

షీజ్యాంగ్ చూసి తిరిగొచ్చి, కైలీలో పులుపు చారులో ఉడికించిన చేప తిన్నాను. ఒక్కడికి చిన్న గిన్నె ఇవ్వరట, ఇద్దరి చేప తిని ఇద్దరి డబ్బు కట్టాను. మర్నాడు వాన. గుయ్‌జోలో మూడు రోజులు వరుసగా ఎండ కాయదని చైనావాళ్లే సామెత చెప్పుకుంటారు కాబట్టి ఫిర్యాదు చేయడానికి లేదు. లెయ్‌షాన్ వెళ్లే బస్సు నిండితే గాని కదలలేదు. నిండిన తరువాత కూడా ఒక ముసలాయన ఎక్కాడు. వీపున తాడుతో కట్టుకున్న పొడవాటి చెక్క బల్లను విప్పి, సీట్ల మధ్య దారిలో వేసుకుని, దాని మీదే కూర్చున్నాడు. సీటు వెంట తెచ్చుకున్నాడు కదా, టికెట్టులో తగ్గిస్తారా అని నేను ఆలోచిస్తున్నాను. తగ్గించలేదు.

ఆయన మనవరాలు నా పక్క సీటులో ఉంది. గుయ్‌యాంగ్‌లో చదువుకుంటోందట, ఇంగ్లీషు బాగానే మాట్లాడింది. నా ఫోనులో ఫుచ్యువాన్ ఫొటో చూసి తాతకు చూపించింది. ఆయన దాన్ని దగ్గరగా పట్టుకుని చూసి, తల అడ్డంగా ఊపి నవ్వాడు. మా గురువు ఈయన కాదు, మా గురువుకు పేరు లేదు అన్నాడు.

అక్కడినుంచి ఆయన మియావ్ భాషలో చాలాసేపు చెప్పడం, ఆమె నాలుగు మాటల్లో తేల్చేయడం. ఎప్పుడో ఒక చలికాలం, జ్వరంతో ఒళ్లు కాలిపోతున్న ఒక తావో సాధువు వాళ్ల ఊరి పొలిమేరలో పడి ఉన్నాడట. ఇంట్లో పెట్టుకుని బతికించారట. మూడేళ్లు ఉండి, కోతలు అయ్యాక రాత్రుళ్లు నలుగురు కుర్రాళ్లకు విద్య నేర్పాడట. కత్తి ముట్టుకోనివ్వలేదు, కత్తి కనిపిస్తే సైనికులు వస్తారు. బల్ల, పార, కావడి బద్ద, పొగాకు గొట్టం, ఏ ఇంట్లో చూసినా ఉండేవే ఆయుధాలు. రాయడానికి మియావ్‌లకు అప్పట్లో లిపి లేదు, అడుగుల వరుసను పాట కట్టి నేర్పాడట. ఒకరోజు తెల్లారేసరికి లేడు.

నాకు మా ఊరు గుర్తొచ్చింది. మా తాతల కాలంలో కర్రసాము నేర్పినవాడు కూడా ఎవరో బైరాగి అనే చెప్పేవారు, రావిచెట్టు కింద దిగాడనీ, ఏ ఊరివాడో చెప్పలేదనీ. చిన్నప్పుడు నమ్మాను. పెద్దయ్యాక, గురువు పక్క ఊరి సుబ్బయ్య అయితే విద్యకు గౌరవం దక్కదు కాబట్టి బైరాగిని పుట్టించి ఉంటారని అనుకున్నాను.

అదే అనుమానం ఇక్కడా అడిగేశాను. మింగ్ కాలం నుంచీ చైనా సైన్యాలతో పోరాడినవాళ్లు మీరు. ఈ కొండల్లోనే మీ నాయకుడు జాంగ్ షియుమెయ్ వెంట 1855 నుంచి 1872 దాకా చింగ్ వంశపు ప్రభుత్వాన్ని ఎదిరించారు. అలాంటి మీరు, మీ పోరాట విద్యను చైనాలో పెద్ద జాతి అయిన హాన్‌లకు చెందిన ఒక సాధువు పెట్టిన భిక్షగా ఎందుకు చెప్పుకుంటారు? మనవరాలు కాస్త తటపటాయించి అనువదించింది. ఆయన ఏమాత్రం నొచ్చుకోలేదు.

"ఆయనను తరిమింది కూడా ఆ ప్రభుత్వమే. లేకపోతే మా కొండకు ఎందుకు వస్తాడు?"

సుబ్బయ్య సిద్ధాంతం ఇక్కడ పనిచేయలేదు. ముగ్గురు చక్రవర్తుల కాలంలోనూ చేతికి చిక్కని మురికి జాంగ్‌కీ, ఈ పేరులేని సాధువుకీ పోలిక ఎక్కడుందో అప్పుడు తట్టింది. పట్టుబడనివాడే ఆ పల్లెలకు గురువుగా పనికొస్తాడు.

కొండచరియ విరిగిపడి ముందు దారి శుభ్రం చేస్తున్నారు, బస్సు ఆగింది. ముసలాయన బల్ల తీసుకుని దిగాడు, నన్నూ రమ్మన్నాడు. నా గొడుగు మూసి కత్తిలా పొడవమన్నాడు. మొహమాటపడుతూ పొడిచాను. బల్ల గిర్రున తిరిగింది, గొడుగు బల్ల రెండు కాళ్ల మధ్య ఇరుక్కుంది, ఆయన మోచేతితో చిన్న మెలిక వేశాడు. గొడుగు కొన ఆయన వైపు కాక నా కడుపు వైపు ఉంది. ఎనభైకి దగ్గర పడిన మనిషి ఊపిరి కూడా ఎగబీల్చలేదు. షీజ్యాంగ్ పొగలో చూసినదానికి ఇచ్చిన డబ్బు గుర్తొచ్చి మళ్లీ మండింది. బస్సులో ఎవరూ కిటికీ వైపు తల కూడా తిప్పలేదు, డ్రైవరు మాత్రం హారన్ కొట్టాడు.

ఇప్పుడు ఎవరు నేర్చుకుంటున్నారని అడిగాను. కొడుకులు గ్వాంగ్‌డోంగ్ ఫ్యాక్టరీలలో ఉన్నారు. పూర్వం ఆడపిల్లలకు నేర్పేవారు కాదు, ఇప్పుడు పాట మొత్తం వచ్చింది ఈ మనవరాలికే. ఆమె నర్సు చదువుతోంది. దీనికి మార్కులు రావు అంది.

లాంగ్దె దగ్గర నేను దిగాలి. దిగేముందు, సాధువు సరిగ్గా మూడేళ్లే ఉన్నాడా అని ఆమెను మరోసారి అడిగాను.

"మూడా? పోయిన పండుగకు ఐదు అన్నాడు. మా మామయ్యలు అందరూ కూర్చుంటే పది కూడా అవుతుంది."

వాన ఇంకా పడుతోంది. గొడుగు ఊచ ఒకటి వంగిపోయింది, తెరుచుకోలేదు. లాంగ్దె దుకాణంలో కొత్త గొడుగుకు 25 యువాన్లు అడిగారు, ఇరవైకి ఇచ్చారు.