పొద్దున ఏమేం చేస్తారో చెప్పండమ్మా

థైరాయిడ్ మాత్ర వేసుకుంటున్నా నీరసం వదల్లేదు. దువ్వెన పెడితే జుట్టు కుచ్చులుగా ఊడొచ్చేది, ఎండాకాలంలోనూ ఫ్యాను కింద చలి, మలబద్ధకం సరేసరి. వెళ్ళినప్పుడల్లా డాక్టరు రిపోర్టులో టీఎస్‌హెచ్ అంకె (ఒంట్లో థైరాయిడ్ హార్మోన్ తక్కువైతే ఇది పెరుగుతుంది) చూడటం, "ఇంకా ఎక్కువే ఉంది, డోసు పెంచుదాం" అనడం. అలా 50 మైక్రోగ్రాములు 75 అయింది, 75 కాస్తా 100 అయింది. అంకె మాత్రం దిగలేదు.

తర్వాత చూపించుకున్న డాక్టరమ్మ ఫైలు పక్కన పెట్టి, "పొద్దున లేచిన దగ్గర్నుంచి మధ్యాహ్నం దాకా ఏమేం చేస్తారో వరసగా చెప్పండమ్మా" అన్నారు. లేవగానే థైరాయిడ్ మాత్ర, గ్యాస్‌కి పాంటోప్రజోల్, వెంటనే ఫిల్టర్ కాఫీ, టిఫిన్ కాగానే కాల్షియం. ఆవిడ మధ్యలో అడ్డు రాలేదు. అంతా అయ్యాక "ఇంకేమైనా ఉందా?" అన్నారు. అప్పుడు గుర్తొచ్చాయి, జుట్టు కోసం వాడుతున్న బయోటిన్ అనే విటమిన్ బిళ్ళలు.

థైరాయిడ్ మాత్రలో ఉండే మందు లీవోథైరాక్సిన్. అది ఒంటికి పట్టేది చిన్నపేగులో, అదీ పరగడుపున అయితేనే బాగా. వెనకే కాఫీ తాగితే పట్టేది తగ్గిపోతుంది. కాల్షియం, ఐరన్ అయితే కడుపులోనే మందును పట్టేసుకుని లోపలికి పోనివ్వవు. అందుకే వాటికీ దీనికీ నాలుగు గంటల ఎడం ఉండాలి. గ్యాస్ మాత్రది వేరే తంటా. కడుపులో ఆమ్లం తగ్గితే థైరాయిడ్ మాత్ర సరిగా కరగదు, ఆ ప్రభావం రోజంతా ఉంటుంది కాబట్టి వేళ మార్చినా పెద్దగా లాభం లేదు. అసలు అది అవసరమా అన్నదే చూడాలి. బయోటిన్ మందుకి అడ్డు రాదు, పరీక్షను తప్పుదోవ పట్టిస్తుంది. కొన్ని ల్యాబుల పరీక్షల్లో టీఎస్‌హెచ్ ఉన్నదానికంటే తక్కువగా కనిపించవచ్చు. రక్తం ఇచ్చే ముందు కనీసం రెండు రోజులు ఆపాలి.

ఇప్పుడు మాత్ర ఒక గ్లాసు మంచినీళ్ళతో, కాఫీ గంట తర్వాత, కాల్షియం రాత్రి భోజనంతో. కాఫీ ఆగకపోతే రాత్రి తిన్న మూడు గంటలకు మాత్ర వేసుకునే పద్ధతి కూడా ఉంది, అప్పుడు కాల్షియం రాత్రి కాకుండా పగటికి మార్చుకోవాలి. మీల్‌మేకర్ లాంటి సోయా సరుకు కూడా మాత్రకు దగ్గరగా వద్దు. సీసా పొయ్యి గట్టు మీద పెట్టకూడదు, వేడికీ తేమకీ మందు పాడవుతుంది.

ఇక్కడే ఒక ప్రమాదం ఉంది. మందు సరిగా పట్టడం మొదలైతే పాత 100 ఎక్కువైపోతుంది: గుండెదడ, చేతుల వణుకు, నిద్ర పట్టకపోవడం, ఏళ్ళ తరబడి సాగితే ఎముకలు గుల్లబారడం. అందుకని ఆవిడ 75కి దించి, ఆరు వారాలకు పరీక్ష రాశారు. ఈ మందులో సగం ఒంట్లోంచి పోవడానికే దాదాపు వారం పడుతుంది, పది రోజులకే పరీక్ష చేయిస్తే డబ్బు దండగ. పరీక్ష రోజు రక్తం ఇచ్చాకే మాత్ర. ముందు మలబద్ధకం తగ్గింది, తర్వాత నీరసం. జుట్టుకి మాత్రం నెలలు పట్టింది.

ఇంతసేపు వినే తీరిక డాక్టర్లకెక్కడిది అంటారు. ఓపీలో రద్దీ నిజమే, కాదనను. కానీ రోగి మొత్తం చెప్పడానికి పట్టే సమయం మనం భయపడినంత ఉండదు. 1984లో అమెరికాలో లెక్కగడితే డాక్టర్లు సగటున 18 సెకన్లకే మాటకు అడ్డు వచ్చారు. 2002లో స్విట్జర్లాండ్‌లో అడ్డు రాకుండా వింటే రోగులు సగటున 92 సెకన్లలో ముగించారు. డోసు పెంచి, ఆరు వారాలు ఆగి, మళ్ళీ పరీక్షకు కట్టే డబ్బుతో పోలిస్తే ఒకటిన్నర నిమిషం ఏపాటి!

అడిగే డాక్టరు దొరక్కపోతే మనమే చెప్పాలి. వాడే సీసాలు, పొడులు, చూర్ణాలు అన్నీ ఒక సంచిలో తీసుకెళ్ళండి, ఏది ఎన్నింటికో చీటీ రాసుకోండి. "డోసు పెంచేముందు నేనెలా వేసుకుంటున్నానో వినండి డాక్టర్ గారూ" అనండి. కడుపుతో ఉన్నవాళ్ళు నెల తప్పిందని తెలియగానే చెప్పాలి, అప్పుడు చాలామందికి నిజంగానే డోసు పెంచాలి. పైగా ఐరన్, కాల్షియం బిళ్ళలు రెండూ మామూలుగా నాలుగో నెల నుంచి మొదలవుతాయి.