బ్యాంకాక్‌లో బీరు లేని ఫుట్‌బాల్ మ్యాచ్

థాయ్‌లాండ్‌లో ఫుట్‌బాల్ చూడాలి అంటే ఎవరైనా బురీరామ్ పేరే చెప్తారు. ముప్పై వేల పైచిలుకు సీట్లు, డబ్బు, కప్పులు, అన్నీ ఉన్న క్లబ్, కాదనను, కానీ అది బ్యాంకాక్‌కి దాదాపు నాలుగు వందల కిలోమీటర్లు. పైగా పెద్ద స్టేడియాలు ఎక్కడైనా ఒకేలా ఉంటాయి. నాకు ఊళ్లోనే, రైలు దిగి వెళ్లొచ్చేంత దగ్గర్లో, టూరిస్టులు తొంగి కూడా చూడని టీమ్ ఏదైనా కావాలి. అలా దొరికిందే కసెత్సార్ట్ ఎఫ్‌సీ, థాయ్ లీగ్ 2లో, అంటే రెండో డివిజన్‌లో ఆడే జట్టు.

వీళ్ల గ్రౌండ్ కసెత్సార్ట్ యూనివర్సిటీ క్యాంపస్ లోపలే ఉంది, పేరు ఇన్‌సీ చంద్రసతిత్ స్టేడియం. 1943లో పెట్టిన వ్యవసాయ విశ్వవిద్యాలయం ఇది. ఇన్‌సీ చంద్రసతిత్ అంటే దాన్ని మొదట్లో నిలబెట్టిన ముగ్గురు పెద్దల్లో ఒకాయన. యూనివర్సిటీ చిహ్నంలో నాగం మీద కొలువై ఉన్నది ఎవరో కాదు, మన వరుణదేవుడే. స్కైట్రైన్, అదే స్తంభాల మీద నడిచే మెట్రో, ఇక్కడిదాకా 2019 డిసెంబర్‌లో వచ్చింది, అంతకుముందైతే పహోన్‌యోతిన్ రోడ్డు ట్రాఫిక్‌లో పడి రావాల్సిందే, అప్పుడైతే నేను వచ్చేవాణ్ణే కాదు. స్టేషన్ నుంచి గ్రౌండ్‌కి నడవొచ్చు గానీ క్యాంపస్ చాలా పెద్దది, ఆ ఉక్కలో వద్దు, నారింజ రంగు జాకెట్ వేసుకున్న బైక్ టాక్సీ అతన్ని పట్టుకోండి.

అసలు విశేషం ఏంటంటే ఇక్కడ బీరు దొరకదు. థాయ్ ఫుట్‌బాల్‌కీ బీరు కంపెనీలకీ విడదీయలేని బంధం, జెర్సీల మీద, బోర్డుల మీద వాళ్ల పేర్లే, కానీ 2008లో వచ్చిన చట్టం ప్రకారం విద్యాసంస్థల్లో మద్యం అమ్మకూడదు, తాగకూడదు. కాబట్టి జనం చేతుల్లో ఐస్ టీ, కాల్చిన మాంసం ఉండలు గుచ్చిన పుల్లలు. నేనైతే యూనివర్సిటీ వాళ్లు కేయూ మిల్క్ అని అమ్మే సొంత డెయిరీ పాలు కొనుక్కున్నా. మ్యాచ్‌కి ముందు చల్లటి పాలు తాగి కూర్చోవడం ఇదే మొదలు, బాగానే ఉంది.

సరిగ్గా ఆరింటికి స్పీకర్లో జాతీయగీతం వచ్చింది. ఈ దేశంలో పార్కుల్లో, స్టేషన్లలో రోజూ ఉదయం ఎనిమిదికీ సాయంత్రం ఆరుకీ ఇదే వరస. జాగింగ్ చేస్తున్నవాళ్లు, పుల్లలు తింటున్నవాళ్లు, వార్మప్‌లో ఉన్న గోల్‌కీపర్ అందరూ ఎక్కడివాళ్లు అక్కడే ఆగిపోయారు. పాట అయిపోగానే ఏమీ జరగనట్టు మళ్లీ ఎవరి పనిలో వాళ్లు.

గ్రౌండ్ గురించి పొగడ్తలేమీ లేవు. చుట్టూ రన్నింగ్ ట్రాక్ ఉండటం వల్ల అవతలి వైపు కార్నర్ దగ్గర ఏం జరుగుతోందో కళ్లు చికిలించుకుని చూడాలి. క్యాంపస్‌లో వేల మంది విద్యార్థులు ఉంటారు, స్టాండులో కొన్ని వందల మంది. గేటు బయట కనిపించిన కుర్రాళ్లలో లివర్‌పూల్, మాంచెస్టర్ జెర్సీలే ఎక్కువ. ఇంగ్లండ్ లెస్టర్ క్లబ్‌నే 2010లో ఒక థాయ్ కంపెనీ కొనేసుకుంది మరి, అంత పిచ్చి ఆ లీగ్ అంటే. సొంత క్యాంపస్ టీమ్‌ని చూడ్డానికి రెండు వందల అడుగులు నడవరు. మన హైదరాబాద్‌లో డెక్కన్ అరీనాలో శ్రీనిధి క్లబ్ మ్యాచ్‌లకి వెళ్లినవాళ్లకి ఈ బాధ తెలుసు.

ఉన్న జనం మాత్రం గట్టివాళ్లు. నాలుగైదు డప్పులు, ఆపకుండా "సూ సూ" (పోరాడండి) అని అరుపులు, లైన్స్‌మన్ మీద జోకులు, నాకు అర్థం కాకపోయినా పక్కాయన కడుపుబ్బా నవ్వుతుంటే నేనూ నవ్వేశా. ఆట స్థాయి అంత గొప్పగా లేదు, పాసులు తప్పుతున్నాయి, ముందున్న పొడుగాటి విదేశీ స్ట్రైకర్‌కి బంతి ఎగరేయడమే వ్యూహం. డ్రా అయింది.

నాకు నచ్చింది ఆ తర్వాతది. విజిల్ పడ్డాక ఆటగాళ్లు నేరుగా డ్రెస్సింగ్ రూమ్‌కి వెళ్లరు. వరుసగా నిలబడి తమ అభిమానులకి చేతులు జోడించి నమస్కారం పెట్టారు, అక్కడితో ఆగకుండా ఎదుటి జట్టు అభిమానుల దగ్గరికీ వెళ్లి, ఓ మూల నలభై మంది ఉంటారేమో, వాళ్లకీ అంతే వంగి దండం పెట్టారు. వాళ్లు కూడా డప్పు కొట్టి పంపించారు. డబ్బులిచ్చి చూసినవాడికి దక్కాల్సిన మర్యాద అంటే ఇది.

అన్నట్టు, 1970లో ఆసియా క్రీడల ఫుట్‌బాల్ కాంస్యం భారత్ గెలిచింది ఈ బ్యాంకాక్‌లోనే, కెప్టెన్ మన హైదరాబాదీ సయ్యద్ నయీముద్దీన్. ఇది పక్కాయనకి చెప్దామనుకున్నా గానీ నా థాయ్ అంతదూరం పోదు.

వెళ్లాలనుకుంటే ముందే బుక్ చేసుకోనక్కర్లేదు, గేటు దగ్గర వంద బాత్ నోటు చాలింది నాకు. తేదీ, టైమ్ మాత్రం క్లబ్ ఫేస్‌బుక్ పేజీలో ఆ రోజు పొద్దున ఒకసారి చూసుకోండి. దోమల క్రీమ్ రాసుకుని వెళ్లండి, ఫ్లడ్‌లైట్లు వెలిగాక కాళ్లని వదలవు.