చువాన్‌జౌ గోడల్లోంచి బయటపడ్డ దేవుళ్లు

ఏటా మార్చిలో చైనాలోని షియామెన్‌లో జరిగే రాళ్ల ఎగ్జిబిషన్‌కి మా బావ వెళ్తుంటాడు. చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ వ్యాపారం ఆయనది. ఈసారి తోడుగా నేనూ బయల్దేరాను గానీ, నా కన్నంతా పక్కనున్న చువాన్‌జౌ మీదే. షియామెన్‌లో స్పీడ్ రైలెక్కితే అరగంట ప్రయాణం. మార్కో పోలో, ఇబ్న్ బతూతా లాంటి పాతకాలపు యాత్రికులు జైతూన్ అని రాసిన రేవు ఇదే. అలెగ్జాండ్రియాకి మిరియాల ఓడ ఒకటి వెళ్తే జైతూన్‌కి వంద వస్తాయని మార్కో పోలో లెక్క. ఆయన లెక్కల్ని కాస్త తగ్గించే చదువుకోవాలి. అయినా ఊరు చూశాక మరీ అంత కోత పెట్టబుద్ధి కాలేదు.

ముందు కైయువాన్ గుడికి వెళ్లాం. 686లో వెలసిన బౌద్ధాలయం. జనమంతా రెండు పెద్ద రాతి పగోడాల దగ్గర ఫొటోలు దిగుతున్నారు. మేం ప్రధాన మందిరం వెనక్కి నడిచాం. అక్కడ పదహారు పలకల రాతి స్తంభాలు రెండున్నాయి. ఒకదాని మీద నరసింహుడు హిరణ్యకశిపుడి పొట్ట చీలుస్తున్నాడు! మరోచోట మద్దిచెట్ల మధ్య కృష్ణుడు. చైనా బౌద్ధ గుడిలో భాగవత కథలు ఎదురుపడితే ఎవరికైనా కాసేపు మాట రాదు. బావ మాత్రం వంగి రాయినే చూస్తున్నాడు.

"రాయి ఇక్కడిదే రా. మొన్న ఎగ్జిబిషన్‌లో ఇలాంటి బ్లాకులే చూశా. చెక్కడం మాత్రం మనవైపుది" అన్నాడు.

పండితులూ దాదాపు అదే చెబుతారు. ఈ ఊళ్లో తమిళ వర్తకులు కట్టుకున్న గుడి ఉండేది. 1281 నాటి తమిళ శాసనం ఒకటి దొరికింది, చివర్లో ఒక వరుస చైనా అక్షరాలతో. సంబంధ పెరుమాళ్ అనే ఆయన మంగోలు ప్రభువు ఖాన్ ఆరోగ్యం కోసం శివుణ్ణి ప్రతిష్ఠించానని, అందుకు ఖాన్ ఫర్మానా ఉందని రాయించుకున్నాడు. మంగోలులు ఈ ఊరిని పట్టుకుని అప్పటికి నాలుగైదేళ్లు కూడా నిండలేదు. కొత్త ప్రభువు పేరు గుడి రాతి మీదికి ఎక్కించడంలో భక్తి ఎంతో, ముందుచూపు కూడా అంతే ఉందని నా అనుమానం.

గుడి ఆవరణలోనే 1974లో హౌజూ రేవు బురదలోంచి తవ్వి తీసిన ఓడ ఉంది. మిగిలిన భాగమే 24 మీటర్ల పొడవు. లోపల పదమూడు అరలు. ఒక అరకి చిల్లుపడినా మిగతావి నిండకుండా మధ్యలో అడ్డగోడలు కట్టారు. 1270ల్లో ఆగ్నేయాసియా నుంచి తిరిగొచ్చి ఇక్కడే మునిగిందంటారు. రెండు వేల కిలోలకు పైగా సుగంధపు చెక్క, మిరియాలు, సాంబ్రాణి, వక్కలు, గవ్వలు దొరికాయి. నన్ను ఎక్కువసేపు నిలబెట్టినవి చిన్న చెక్క బిళ్లలు. సరుకు ఎవరిదో రాసి మూటలకి కట్టినవి. వాటిలో కొన్ని, మంగోలులకు ముందు ఇక్కడ ఏలిన సాంగ్ రాజవంశీకుల కార్యాలయానివని పరిశోధకుల అభిప్రాయం. అంటే రాజుగారి చుట్టాలే ఈ వ్యాపారంలో పెట్టుబడి పెట్టేవాళ్లన్నమాట.

ఇక ఇక్కడి నుంచి కథ చేదెక్కుతుంది. సాంగ్ ప్రభుత్వం 1087లోనే ఈ ఊళ్లో సముద్ర వ్యాపార కార్యాలయం పెట్టింది. చివరి రోజుల్లో దానిమీద పెత్తనం పూ షౌగెంగ్ అనే ముస్లిం వర్తకుడిది. పూర్వీకులు పడమటి నుంచి వచ్చినవాళ్లు. మంగోలుల దెబ్బకి పారిపోతూ సాంగ్ దర్బారు ఈ రేవుకి చేరితే అతను కోట తలుపులు మూయించాడు. మంగోలుల పక్షం చేరి, ఊళ్లో ఉన్న రాజవంశీకులను చంపించాడు. వ్యాపారం మాత్రం ఆగలేదు, ఇంకా పెరిగింది.

ఊరంతా బోర్డుల మీద "అన్ని మతాలూ కలిసిమెలిసి బతికిన చోటు" అని రాశారు. అబద్ధం కాదు. 1326లో ఇక్కడి క్రైస్తవ బిషప్, పెరూజియా ఆండ్రూ, ఎవరి మతం ప్రకారం వాళ్లు బతకొచ్చని, తాము ధైర్యంగా బోధించుకోవచ్చని ఇంటికి ఉత్తరం రాశాడు. యూదులు, ముస్లింలు మాత్రం ఒక్కరూ మారడం లేదని వాపోయాడు కూడా. కానీ ఆ సామరస్యానికి సుంకం డబ్బే పునాది. మన చీరాల దగ్గరి మోటుపల్లిలో కాకతి గణపతిదేవుడు 1244లో వేయించిన అభయ శాసనం చూడండి. తుఫానుకి ఒడ్డుకి కొట్టుకొచ్చిన ఓడల సరుకు పూర్వపు రాజులు లాగేసుకునేవాళ్లు, నేను మాత్రం ముప్పయ్యో వంతు సుంకం తీసుకుని వదిలేస్తానని దాని సారాంశం. అందులో దయ ఉంది, ఓడలు మళ్లీ రావాలన్న లెక్కా ఉంది. చువాన్‌జౌలోనూ అంతే.

ఆ లెక్క 1357లో తప్పింది. ఊళ్లోని పర్షియన్ సైనిక దళం తిరగబడింది, పదేళ్ల దాకా గొడవలు నడిచాయి. 1366లో అణచివేతతో పాటు విదేశీయుల ఊచకోత. గుళ్లు, సమాధులు కూలాయి. ఆ రాళ్లు కోటగోడల్లోకి, గట్లలోకి, బౌద్ధాలయ మరమ్మతుల్లోకి వెళ్లాయి. మేం చూసిన నరసింహుడు అలా వచ్చినవాడే. ఇరవయ్యో శతాబ్దంలో కోటగోడలు పడగొడుతుంటే ఒక్కొక్కటే బయటపడ్డాయి. వూ వెన్‌లియాంగ్ అనే బడి పంతులు వాటిని ఏరి దాచకపోతే సముద్ర వ్యాపార మ్యూజియంలో చూడ్డానికి చాలా తక్కువ మిగిలేది. తామరపువ్వు మీద శిలువ, పక్కన దేవదూత, కింద పడమటి ఆసియా క్రైస్తవులు వాడిన సిరియాక్ లిపి. పక్క గదిలో అరబిక్ సమాధి రాళ్లు వరసలు వరసలుగా. ఒక పూట మొత్తం ఈ మ్యూజియంకే ఉంచుకోండి, పగోడాల దగ్గర తగ్గించుకున్నా ఫర్వాలేదు.

1009 నాటి చింగ్‌జింగ్ మసీదు ప్రార్థన మందిరానికి ఇప్పుడు పైకప్పు లేదు. గోడలు, ఆకాశం. పక్కనే చైనావాళ్లు దేవుడిగా కొలిచే వీరుడు గువాన్ యూ గుడి, అక్కడి అగరొత్తుల పొగ ఇటు వస్తోంది. 1407లో, మంగోలుల తర్వాత వచ్చిన మింగ్ వంశపు చక్రవర్తి ముస్లింలను ఎవరూ వేధించకూడదని ఇచ్చిన ఆజ్ఞ రాతి మీద ఉంది. ఊచకోత జరిగిన నలభై ఏళ్లకి అలాంటి ఆజ్ఞ కావలసి వచ్చిందంటే ఊళ్లో పరిస్థితి ఊహించుకోవచ్చు.

మర్నాడు టాక్సీలో త్సావో ఆన్ అనే కొండ గుడికి. మూడో శతాబ్దపు ప్రవక్త మానీ విగ్రహం, 1339లో చెక్కింది. పర్షియా సామ్రాజ్యంలో ఆయన స్థాపించిన మతం లోకంలో ఎక్కడా మిగల్లేదు. భుజాల మీదికి దిగిన జుట్టు, గడ్డం, వెనక కిరణాలు. టాక్సీ అతన్ని ఫోన్ యాప్‌లో అడిగితే "బుద్ధుడు" అన్నాడు. పూజలు నడుస్తున్నాయి, పళ్లు పెట్టారు. పేరు మారబట్టే ఈ దేవుడు బతికాడు.

తిరుగుదారిలో చెన్‌దై. డింగ్ ఇంటిపేరువాళ్ల ఊరు, ముస్లిం వర్తకుల సంతతి. చాలామంది ఇప్పుడు అందరిలాగే తింటారు, తాగుతారు. కానీ పూర్వీకులకు పెట్టే నైవేద్యంలో పంది మాంసం ఉండదు. ఇది మత విశ్వాసమా, అలవాటా అని నేను బావతో వాదన మొదలుపెట్టాను.

"దీనికింత చర్చెందుకురా? సంక్రాంతికి పెద్దలకి పెట్టుకునేటప్పుడు మా నాయనకి వంకాయ కూర పెడతామా? ఆయనకి పడదుగా" అన్నాడు.