కలపలో రాతిని పొదిగే ముందు

నల్లగొండలో ఎటు చూసినా గుట్టలే ఉండగా, చెక్క కలాల్లో పొదగడానికి రాతిని తాండూరు నుంచి ఎందుకు తెప్పించుకుంటున్నారని చాలామంది అడుగుతుంటారు. కారణం రాతి గట్టిదనమే. ఖనిజాల గట్టిదనాన్ని 1 నుంచి 10 వరకు లెక్కగట్టే మోస్ కొలమానంలో మన గ్రానైటులోని పలుగురాయి గట్టిదనం 7 అయితే, తాండూరు నాపరాతిలో ముఖ్యమైన ఖనిజమైన కాల్సైటుది 3 మాత్రమే. లేత్ మిషన్ మీద తిరుగుతున్న కలాన్ని ఒకే ఉలితో, ఒకే ఎమరీ కాగితంతో నునుపు చేయాలి కాబట్టి, రెండింటి గట్టిదనంలో తేడా పెరిగేకొద్దీ చెక్క ముందుగా అరిగిపోయి రాయి గట్టులా మిగులుతుంది. పానగల్లు పచ్చల సోమేశ్వరాలయం గోడలను చూసినవారికి మన నల్లరాయి ఎంత సన్నని పనినైనా నిలుపుకోగలదని తెలుసు. అయితే అక్కడ శిల్పి ఉలి తాకింది రాతినొక్కదాన్నే. కలంలో రాతిని ఆనుకుని మెత్తని టేకు ఉంటుంది.

ఆ టేకు కూడా కొత్తది కాకపోవడమే మేలు. పాత పెంకుటిళ్లు విప్పినప్పుడు దొరికే దర్వాజాలు, దూలాలు ఏళ్ల తరబడి ఎండి ఉంటాయి. లోపల మేకులు విరిగి ఉండిపోతాయి గనుక కోసే ముందు అయస్కాంతంతో వెతకాలి.

చెక్క ముక్క నడుమ రంధ్రం చేసి 7 మిల్లీమీటర్ల ఇత్తడి గొట్టాన్ని ఎరాల్డైటుతో అతికిస్తాను. గొట్టానికి ముందే నల్లరంగు వేయకపోతే రాతి పలుకుల సందుల్లోంచి ఇత్తడి మెరుస్తూ కనిపిస్తుంది. ముక్కను గుండ్రంగా చెక్కిన తర్వాత, రెండు మూడు మిల్లీమీటర్ల వెడల్పున, దాదాపు గొట్టం వరకు గాడి తీస్తాను. నాపరాతిని ఇనుప రోట్లో దంచి, జల్లించి, కడిగి ఆరబెట్టాలి. పలుకుల మీద దుమ్ము ఉంటే జిగురు పట్టదు. పెద్ద పలుకులను సూదిమొనతో ముందుగా పేర్చి, సందుల్లో సన్నవాటిని నింపి, పలుచని సూపర్ గ్లూను చుక్కలు చుక్కలుగా వదులుతాను. బూడిదరంగులో ఉన్న పలుకు జిగురు తగలగానే నీలంగా ముదురుతుంది. ఈ పనిలో నాకు అన్నింటికన్నా ఇష్టమైన ఘడియ అదే.

పచ్చరంగు కోరినవారికి మలకైటు వాడతాను. దాని గట్టిదనం 3.5 నుంచి 4 వరకు ఉంటుంది కాబట్టి ఉలికి లొంగుతుంది. కాని అది రాగి ఉన్న రాయి. ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోకూడదు. ఏ రాయి అరగదీసినా మంచి మాస్కు లేకుండా మిషన్ ముందు నిలబడవద్దని ఈ పని నేర్చుకునేవారికి గట్టిగా చెబుతాను.

ఎంత జాగ్రత్తగా పొదిగినా, అసలు పరీక్ష పెట్టేది మన ఎండాకాలమే. చెక్క గాలిలోని తేమను పీల్చుకుని ఉబ్బుతుంది, ఎండకు తేమను వదిలి కుంచించుకుపోతుంది. రాతిలో ఆ మార్పు దాదాపు ఉండదు. పైగా చెక్క పొడవులో కన్నా అడ్డంలోనే ఎక్కువగా కుంచించుకుపోతుంది కనుక, కలం చుట్టూ పొదిగిన రాతి పట్టీ అంచు మే నెలలో పైకి తేలుతుంది. కంటికి కనబడని ఆ తేడా గోటికి తగులుతుంది. వానాకాలంలో తయారైన కలాన్ని నేను వెంటనే అమ్మకపోవడానికి కారణం ఇదే. వేసవి గడిచాక అంచు మీద గోటితో గీసి చూసి, తగిలితే మళ్లీ అరగదీసి, మైనం పట్టించాకే ఇస్తాను. తొందరపడేవారికి రాయి లేని ఉత్త టేకు కలం తీసుకొమ్మని చెబుతాను.