హాజరు పట్టీలో చివరి పేరు

రిజల్ట్స్ వచ్చిన రోజు ఎలాగోలా గడిచిపోతుంది. ఆ రోజు ఏడ్చినా, ఫోన్ ఎత్తకపోయినా, తలుపేసుకుని పడుకున్నా ఎవరూ ఏమీ అనరు. తంటా అంతా ఆ తర్వాత వచ్చే మామూలు రోజులతోనే. క్లాసులు ఎప్పట్లాగే ఉంటాయి, జనం ఎప్పట్లాగే పలకరిస్తారు. మనం కూడా ఎప్పట్లాగే ఉన్నట్టు కనిపించాలి. ఈరోజు అలాంటి రోజే.

పొద్దున్నే స్టాటిస్టిక్స్. పోయింది ఆ సబ్జెక్టే. మళ్లీ రిజిస్టర్ చేసుకున్నాం కాబట్టి జూనియర్లతో కలిసి కూర్చోవాలి. అటెండెన్స్ తీసుకునేటప్పుడు వాళ్ల పేర్లన్నీ అక్షర క్రమంలో గడగడా సాగిపోతాయి. ఆ తర్వాత చిన్న విరామం. చివర్న మా పేర్లు. సార్ ఆగేది పేజీ తిప్పడానికే. నాకు మాత్రం క్లాసంతా వెనక్కి తిరిగి మమ్మల్ని చూడ్డానికి ఆగినట్టే ఉంటుంది. ఈరోజు ధైర్యం చేసి తలెత్తి చూశాను. ఒక్కరూ తిరగలేదు. ఒకబ్బాయి బల్ల కింద ఎవరికో మెసేజ్ కొట్టుకుంటున్నాడు, ముందు వరసలో ఇద్దరు ఒకే పుస్తకం కోసం గుసగుసగా గొడవ పడుతున్నారు.

దీని మీద ఎప్పుడో చదివిన ప్రయోగం ఒకటి గుర్తొచ్చింది. థామస్ గిలోవిచ్ అనే సైకాలజిస్టు, ఆయన సహచరులు 2000లో ప్రచురించారు. వేసుకుంటే సిగ్గనిపించే టీషర్ట్ ఒకటి స్టూడెంట్లకు తొడిగి, మిగతావాళ్లు కూర్చున్న గదిలోకి పంపారు. బయటికొచ్చాక అడిగితే, గదిలో దాదాపు సగం మంది తమ టీషర్ట్ గమనించే ఉంటారని వాళ్లు అనుకున్నారట. నిజంగా గమనించినవాళ్లు పావు వంతు కూడా లేరు. ఆ పావు వంతు మాటేమిటి అంటారా? ఉంటారు. క్లాసయ్యాక ఒకమ్మాయి నా పక్కకి వచ్చి, "అక్కా, మీకు ఆల్రెడీ ఒకసారి అయిపోయింది కదా, ఇందులో ఏ యూనిట్ కష్టం?" అని అడిగింది. ఏ వెటకారమూ లేదు. దారి తెలిసినవాళ్లని అడిగినట్టే అడిగింది. "మూడోది" అన్నాను. రాసుకుంది కూడా.

ఈ మధ్య నాకు చిరాకు తెప్పిస్తున్న మాట ఒక్కటే, "లైట్ తీస్కో". మంచి మనసుతోనే అంటారు, కాదనను. కానీ లైట్ తీసుకోవడానికి అవి నాలుగు క్రెడిట్లు. వద్దనుకుంటూనే ఖాళీ పీరియడ్‌లో లెక్క వేశాను. సెమిస్టర్‌కి 20 క్రెడిట్లు. మిగతా 16 క్రెడిట్లకీ సగటున 8 పాయింట్లు వచ్చి, ఈ నాలుగింటికి సున్నా పడితే, 128ని 20తో భాగించాలి, సెమిస్టర్ సగటు 6.4. అదే ఈ సబ్జెక్ట్‌లో ఓ మోస్తరుగా 6 పాయింట్లు తెచ్చుకున్నా 152ని 20తో భాగిస్తే 7.6. నా అంకెలు ఇంచుమించు ఇవే. ఇన్నాళ్లూ బుర్రలో "అంతా పోయింది" అనే రొదే తప్ప, ఎంత పోయిందో చూసుకోలేదు. చూస్తే తక్కువేమీ కాదు, కానీ దానికో అంకె ఉంది. నిజమైన నష్టం వేరే చోట ఉంది. ఇది పాసయితే తప్ప తీసుకోలేని పై కోర్సు ఒకటి వెనక్కి జరిగింది. దానికి ఓదార్పు లేదు, టైమ్‌టేబుల్ మార్చుకోవాలంతే.

మధ్యాహ్నం పేపర్ చూడ్డానికి వెళ్లాను. ఎన్నాళ్లనుంచో వాయిదా వేస్తున్న పని. మేడమ్ కట్టలోంచి నా పేపర్ తీసి, "కూర్చోమ్మా, నిదానంగా చూసుకో" అని తన పనిలో పడిపోయారు. మొదటి పేజీ నుంచి చివరిదాకా ఎర్ర సిరాయే ఉంటుందనుకున్నాను. తీరా చూస్తే మొదటి రెండు యూనిట్ల లెక్కలకి దాదాపు పూర్తి మార్కులు. గండి పడింది కండిషనల్ ప్రాబబిలిటీ దగ్గర, అంటే ఒకటి జరిగిందని తెలిశాక ఇంకోటి నిజమయ్యే అవకాశం ఎంతో లెక్కగట్టడం. దాని కింద ఉన్నవన్నీ వరసగా కొట్టుకుపోయాయి.

ఆ లెక్క ఇది. ఒక జబ్బు నూటికి ఒకరికి ఉంది. ఉన్నవాళ్లలో 90 శాతం మందిని టెస్ట్ పట్టేస్తుంది. లేనివాళ్లలోనూ 9 శాతం మందికి పొరపాటున పాజిటివ్ చూపిస్తుంది. ఒకరికి పాజిటివ్ వచ్చింది. నిజంగా జబ్బు ఉండే అవకాశం ఎంత? నా పేపర్లో ఫార్ములా సగం రాసి, కొట్టేసి, కింద 90 శాతం అని ఉంది.

మేడమ్ తలెత్తి, "ఫార్ములా కాసేపు మర్చిపో. వెయ్యి మందిని నిలబెట్టు" అన్నారు. నిలబెట్టాను. జబ్బున్నవాళ్లు 10 మంది, వాళ్లలో పాజిటివ్ 9. లేనివాళ్లు 990, వాళ్లలో పాజిటివ్ సుమారు 89. మొత్తం పాజిటివ్‌లు 98, అందులో నిజంగా జబ్బున్నది 9 మందికే. అంటే దాదాపు 9 శాతం.

"ఇంతేనా మేడమ్?"

"ఇంతే. ఇలాంటి లెక్క డాక్టర్లకిచ్చినా చాలామంది తప్పుతారు. గెర్డ్ గిగరెంజర్ అని ఒకాయన పరీక్షించి మరీ చూశాడు. శాతాలు తీసేసి ఇలా మనుషుల లెక్కన చెబితే వాళ్లకీ తేలికైందట."

టెస్ట్‌లో తేలిందల్లా నిజం కాదన్నమాట అని ఈ లెక్కని నాకు అన్వయించుకుని సంతోషపడొచ్చు. కానీ నా విషయంలో టెస్ట్ కరెక్టుగానే చెప్పింది, ఆ యూనిట్ నాకు రాదు.

సాయంత్రం నోట్స్ తెరవకుండానే కూర్చున్నాను. ఇది రోడిగర్, కార్పికే అనే సైకాలజిస్టులు 2006లో ప్రచురించిన ప్రయోగం చలవ. చదివిందే మళ్లీ చదివినవాళ్లకి అయిదు నిమిషాల తర్వాత ఎక్కువ గుర్తుంది. చూడకుండా గుర్తు తెచ్చుకుని రాసినవాళ్లకి వారం తర్వాత ఎక్కువ గుర్తుంది. పరీక్ష అయిదు నిమిషాల్లో ఉండదు కదా. తెల్ల కాగితం మీద వెయ్యి మందిని మళ్లీ విడగొట్టాను. రెండోసారికి ఫార్ములా దానంతటదే వచ్చింది, ఎందుకలా ఉంటుందో కూడా తెలిసింది.

రాత్రి అమ్మ ఫోన్ చేసింది. "పేపర్ చూశావా? ఏమన్నారు?" అంది. చూశానని చెప్పి, మాట మార్చడానికి ఆ లెక్క అడిగాను. కాసేపు ఆలోచించి, "90 కదూ?" అంది. నవ్వాగలేదు. మళ్లీ వెయ్యి మందితో మొదలుపెట్టి చెప్పుకొచ్చాను. మధ్యలో ఆపి రెండు ప్రశ్నలు వేసింది, రెండింటికీ తడుముకోకుండా జవాబిచ్చాను. "మరి నాన్నకెప్పుడు చెప్తావే?" అంది చివర్న. ఆదివారం చెప్తానన్నాను. మాట మార్చడం కుదర్లేదు.

ఇచ్చిన హోమ్‌వర్క్‌లో నాలుగు లెక్కలు అయ్యాయి. అయిదోది ఎటు తిప్పినా, ఎప్పుడూ ఒకటి దాటకూడని ప్రాబబిలిటీ దాటిపోతోంది. రేపు క్లాసులో ఆ అమ్మాయి పక్కనే కూర్చుని, తనకి వచ్చిందేమో అడగాలి.