‘ట్రాన్సియెంట్’ అని రాసి మూసేసే తెల్లవారుజాము ట్రిప్పులు

ఎర్రగుంట్ల, తాడిపత్రి, కొలిమిగుండ్ల, బేతంచెర్ల. సిమెంటు ఫ్యాక్టరీలూ, నాపరాయి పాలిషింగ్ మిషన్లూ ఉన్న ఊళ్లు. ఈ చుట్టుపక్కల పోయే 132, 220 కేవీ లైన్ల ట్రిప్పింగ్ (లైను దానంతట ఆగిపోవడం) రిజిస్టర్ తీసి, డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా తెల్లారి మూడుకూ ఏడుకూ మధ్య పడినవాటిని మాత్రం విడిగా రాసుకోండి. ఈ పోస్టు వాటి గురించే, వాటికి మూలమైన ఇన్సులేటర్ల మీది దుమ్ము గురించే. ఇన్సులేటర్ అంటే వైరును టవర్‌కు వేలాడదీసే పింగాణీ డిస్కుల దండ, దాన్నే స్ట్రింగు అంటాం.

ఆ ట్రిప్పులకు ఒక పద్ధతి ఉంటుంది. ఒకే ఫేజు భూమికి కొడుతుంది. లోపం పసిగట్టే రిలే జోన్-1 చూపిస్తుంది, అంటే లోపం ఈ లైనులోనే అని. సెకను ఆగి ఆటో రీక్లోజ్ అవుతుంది, అంటే బ్రేకరు తనంతట మళ్లీ మూసుకుంటుంది, లైను నిలబడుతుంది. అరగంటకు మళ్లీ అదే ఫేజు, దాదాపు అదే దూరం. ఈసారి రీక్లోజ్ అయిన పాతిక సెకన్ల లోపే ఇంకో దెబ్బ తగిలితే మూడు ఫేజులూ పోయి లాకౌట్, ఇక తనంతట మూసుకోదు. ఆపరేటర్ టెస్ట్ చార్జి చేస్తాడు, అంటే కరెంటు ఎక్కించి చూస్తాడు, లైను మళ్లీ పడిపోతుంది. ఎనిమిదింటికి ఎండ తగిలాక ఇంకోసారి చేస్తే పువ్వులా నిలబడుతుంది. తొమ్మిదింటికి పాట్రోలింగ్‌కు పోయినవాళ్లకు చెట్టు కొమ్మా కనబడదు, తెగిన జంపరూ కనబడదు. కారణం కాలమ్‌లో ‘ట్రాన్సియెంట్’ అని, అంటే వచ్చి పోయిన లోపమని, రాసి మూసేస్తారు. తప్పంతా ఆ మాటలోనే ఉంది. పిడుగు ట్రాన్సియెంట్. ఇది మాత్రం రేపు తెల్లారి మంచు కురిస్తే మళ్లీ వస్తుంది.

పొడి దుమ్ము కరెంటును పోనివ్వదు. మండు వేసవిలో డిస్కులు బూడిద రంగుకు తిరిగినా లైనుకు ఏమీ కాకపోవడం అందుకే. రాత్రి ఆకాశం నిర్మలంగా ఉన్నప్పుడు పింగాణీ తన వేడిని పైకి వదిలేసుకుని చుట్టూ ఉన్న గాలికన్నా చల్లబడుతుంది. దాని మీద మంచు పడుతుంది. దుమ్ములోని లవణాలు ఆ తడిలో కరిగి, డిస్కు మీద సన్నని వాహక పొర తయారవుతుంది. దానిలోంచి లీకేజీ కరెంటు మొదలవుతుంది. కరెంటు ఎక్కువ చిక్కగా పారే చోట, అంటే డిస్కు అడుగున ఉండే లోహపు పిన్ను చుట్టూ, వేడికి తడి ఆరిపోయి పొడి పట్టీ ఏర్పడుతుంది. ఓల్టేజీ అంతా ఆ సన్నని పట్టీ మీదికి వచ్చి పడుతుంది, అక్కడ చిన్న ఆర్క్ దూకుతుంది. ఒక డిస్కు మీద ఆర్క్ పక్కదాని మీదికి భారం తోస్తుంది. అలా స్ట్రింగు పొడుగునా ఆర్కులు కలిసిపోయిన క్షణమే ఫ్లాషోవర్: కరెంటు టవర్ మీదుగా భూమికి దూకేస్తుంది.

పెద్ద వాన కన్నా సన్న తుంపర, మంచు ఎక్కువ ప్రమాదం. పెద్ద వాన డిస్కు పైభాగాన్ని కడిగిపోతుంది. డిస్కు అడుగున పక్కటెముకల్లా ఉండే మడతల్లో ఇరుక్కున్న దుమ్మును అదీ కడగలేదు. సిమెంటు దుమ్ముదైతే వేరే పీడ: తడిసి ఆరిన కొద్దీ గట్టిపడుతుంది. రెండు మూడు సీజన్లు గడిస్తే గోటితో గీకినా రాదు, గోడకు పూసిన పూతే.

ఇప్పుడు లెక్క చూద్దాం. 220 కేవీ సస్పెన్షన్ స్ట్రింగులో మామూలుగా 14 డిస్కులు. ఒక్కోటి 255 మి.మీ. వ్యాసం, 145 మి.మీ. ఎత్తు, ఉపరితలం వెంబడి కొలిస్తే 292 మి.మీ. క్రీపేజ్. మొత్తం 4,088 మి.మీ. ఈ లైన్ల గరిష్ట ఓల్టేజీ 245 కేవీ కాబట్టి కేవీకి 16.7 మి.మీ. వస్తుంది. ఊరి బయట చేలమీదుగా పోయే లైనుకు అది సరిపోతుంది. భారీ కాలుష్యం ఉన్నచోట కేవీకి 25, మరీ భారీ చోట 31 మి.మీ. కావాలి. 25 కావాలంటే అవే డిస్కులు 21 పెట్టాలి. అప్పుడు స్ట్రింగు ఒక మీటరు పైగా పొడుగవుతుంది, వైరు అంత కిందికి దిగుతుంది, 7.015 మీటర్ల గ్రౌండ్ క్లియరెన్స్ పోతుంది, గాలికి ఊగితే టవర్ బాడీకి దగ్గరవుతుంది. కాబట్టి డిస్కులు చేర్చుకుంటూ పోవడం ఒకటో రెండో దాకానే.

యాంటీ ఫాగ్ డిస్కులు వేస్తే సరిపోతుందని చాలామంది అంటారు. వాటి క్రీపేజ్ 430 మి.మీ. దగ్గర ఉంటుంది, 14 వేస్తే కేవీకి 24.6 వస్తుంది. కాగితం మీద బాగానే ఉంది. కానీ ఆ క్రీపేజ్ అంతా కింద లోతైన పక్కటెముకల వల్ల వచ్చింది. సముద్రపు ఉప్పు గాలికి అది మంచిదే. మన సిమెంటు దుమ్ముకు ఆ లోతు గూడు లాంటిది, గుడ్డ పట్టిన చెయ్యి కూడా దూరదు. దుమ్ము ప్రాంతానికి కింద నున్నగా ఉండే ఓపెన్ ప్రొఫైల్ డిస్కే నయం.

ఇక సిలికోన్ పాలిమర్ ఇన్సులేటర్లు. గంగా మైదానంలో శీతాకాలపు పొగమంచు ట్రిప్పులకు విరుగుడుగా ఉత్తరాదిన పింగాణీ తీసి ఇవే పెద్ద ఎత్తున పెట్టారు. నీరు దీని మీద పొరలా పరుచుకోదు, తామరాకు మీద లాగా చుక్కలుగా నిలుస్తుంది. ఇంకో మంచి గుణం, సిలికోన్‌లోని తేలిక నూనె పదార్థం దుమ్ము పొరలోకి ఊరి, ఆ దుమ్మునూ నీరంటకుండా చేస్తుంది. పొర పలచగా ఉన్నంతకాలం. సిమెంటు గట్టిగా పేరుకుంటే ఊరేది దాని పైదాకా చేరదు. ఫ్యాక్టరీ కిలన్‌కు గాలివాటు దిక్కున ఉన్న టవర్లకు పాలిమర్ పెట్టేసి ‘ఇక కడగక్కర్లేదు’ అనుకోవడం నా లెక్కలో తప్పు.

పాలిమర్‌కు లోపం వస్తే కంటికి ఆనదు. పింగాణీ పగిలితే కనిపిస్తుంది. టఫెన్డ్ గ్లాస్ పేలిపోతే కిందనుంచే ఖాళీ తెలుస్తుంది, అది తళతళ మెరుస్తుంది కాబట్టి గొర్రెలు కాసే పిల్లల రాళ్లకు గురి కావడం దాని తలరాత. పాలిమర్‌లో లోపల ఉండేది ఫైబర్‌గ్లాస్ కడ్డీ. ఫిట్టింగు దగ్గర సీలు చెడి తడి చేరితే ఆమ్లం పుట్టి ఆ కడ్డీ అడ్డంగా విరిగి వైరు నేలకు వస్తుంది. సీళ్లు చెడేది చాలావరకు నిలబెట్టేటప్పుడే: ఇన్సులేటర్‌నే నిచ్చెనలా ఎక్కడం, తాడు షెడ్లకు (గొడుగుల్లాంటి రబ్బరు అంచులకు) చుట్టి లాగడం, చివర్న ఓల్టేజీ ఒత్తిడిని పంచే కరోనా రింగు తలకిందులుగా బిగించడం. 220 కేవీలో రింగు వైరు వైపు ఉండాలి, 400 కేవీలో రెండు వైపులా. రామచిలుకలూ ఊరుకోవు, చార్జి కాకుండా నెలల తరబడి ఉన్న కొత్త లైన్ల మీద షెడ్లను కొరికేస్తాయి. కాబట్టి చార్జి చేసే ముందు బైనాక్యులర్స్‌తో ప్రతి షెడ్డూ చూడాలి.

ట్రిప్ అయిన మర్నాడు ఏ టవర్ అని పట్టుకోవడం మొదటి తలనొప్పి. 60 కి.మీ. లైనులో రిలే చూపే దూరానికి 3 శాతం తేడా ఉన్నా 1.8 కి.మీ., అంటే 350 మీటర్ల స్పాన్ (టవర్‌కూ టవర్‌కూ మధ్య దూరం) చొప్పున అటు అయిదు, ఇటు అయిదు టవర్లు. డబుల్ సర్క్యూట్ (ఒకే టవర్ మీద రెండు లైన్లు) అయితే పక్క సర్క్యూట్ ప్రభావంతో తేడా ఇంకా పెరగొచ్చు. లోపం నుంచి వచ్చే తరంగం చేరిన వేళను బట్టి దూరం చెప్పే ట్రావెలింగ్ వేవ్ లొకేటర్ రెండు చివర్లా ఉంటే ఒకటి రెండు స్పాన్‌లకు తగ్గుతుంది, కాకపోతే ఖరీదు. అది లేనిచోట పనికొచ్చేది రాత్రి పాట్రోలింగే. మూడు నుంచి ఆరు లోపు, టార్చి ఆర్పి, ఆ పది టవర్ల కింద నిలబడాలి. సన్నగా ఊదారంగు వెలుగు, బుస్సుమనే చప్పుడు ఉంటే కరోనా, అంటే గాలిలోకి జరిగే చిన్న డిశ్చార్జి, అంత భయం లేదు. పసుపు, నారింజ రంగు మెరుపులు డిస్కు నుంచి డిస్కుకు తెగి తెగి దూకుతూ, పెనంలో నూనె చిటపటలాడినట్టు చప్పుడు వస్తే ఆ స్ట్రింగే. పగలు టవర్ ఎక్కి చూస్తే డిస్కు పైన ఉండే లోహపు క్యాప్ మీద మసి అంచున తెల్లగా కాలిన మచ్చ దొరుకుతుంది. కిందనుంచి చూస్తే అది కనబడదు.

తుడవడానికి లైన్ క్లియర్ (లైను ఆపామన్న అనుమతి) రెండు చివర్ల నుంచీ తీసుకోవాలి. డబుల్ సర్క్యూట్‌లో రెండోది చార్జిలో ఉంటే ఇండక్షన్ ప్రాణం తీస్తుంది, కాబట్టి పనిచేసే టవర్‌కు ఇరుపక్కలా ఎర్త్ రాడ్లు తగిలించాలి. ముందు టవర్ వైపు క్లాంపు, తర్వాత వైరు. తీసేటప్పుడు ముందు వైరు. మొదట పొడి గుడ్డ, తర్వాత తడి గుడ్డ, కింది పక్కటెముకలకు నైలాన్ బ్రష్. ఇనుప బ్రష్ వద్దు, మెరుపు పూత గీతలు పడితే దుమ్ము ఇంకా పట్టుకుంటుంది. యాసిడ్‌తో కడిగితే సిమెంటు పోతుంది, క్యాప్ మీది జింకు పూత కూడా పోతుంది. గట్టిపడ్డ స్ట్రింగును గీకుతూ రెండు షట్‌డౌన్లు ఖర్చు చేసేకన్నా మార్చేయడం చవక.

ఎప్పుడు తుడవాలన్నది ఇంకా ముఖ్యం. వేసవి మెయింటెనెన్స్‌లో తుడిచినదానికి డిసెంబరుకల్లా మళ్లీ దుమ్ము పడుతుంది. జూన్ నుంచి గాలిమరల సీజన్, షట్‌డౌన్ అడిగినా ఇవ్వరు. వానలు వెనక్కి తగ్గి మంచు మొదలవక ముందు, నవంబరు ఆఖరు వారాలు సరైన అదను. ఈ ట్రిప్పుల వేళే పగటిపూట వ్యవసాయానికి ఇచ్చే తొమ్మిది గంటల సరఫరాకు మోటార్లు ఎత్తుకునే వేళకు తగులుతుంది. గని అనే ఊరి దగ్గరి సోలార్ పార్కు లాంటివి అప్పటికి ఇంకా నిద్రలేవవు, కరెంటు బయటి నుంచే రావాలి. ఆ గంటలో ఒక లైను పోతే భారమంతా పక్క లైను మీద పడుతుంది.

మార్చేసి దించిన డిస్కుల్లో రెండింటిని కడగకుండా ఉంచండి, క్యాప్ పట్టుకునే దించాలి, పింగాణీని చేత్తో ముట్టకూడదు. డిస్టిల్డ్ వాటర్‌తో పైభాగం, కిందిభాగం వేరువేరుగా కడిగి, ఆ నీటి వాహకత కొలిచి, ఉప్పు లెక్కకు మార్చితే చదరపు సెం.మీ.కు ఎన్ని మిల్లీగ్రాములో తెలుస్తుంది. 0.06 లోపు అయితే తేలిక, 0.1 నుంచి 0.2 మధ్యస్థం, 0.3 దాటితే భారీ. కడిగిన నీళ్లు పారబోయకండి, వడకట్టి అడుగున మిగిలిన దుమ్ము ఆరబెట్టి తూచాలి. సిమెంటు ప్రాంతంలో ఉప్పు తక్కువ చూపినా ఆ దుమ్ము బరువే అసలు సంగతి చెబుతుంది, ఎందుకంటే తడిని పట్టి నిలిపేది అదే. ఆ రెండు అంకెలూ, టవర్ నంబరూ, గాలి దిక్కూ రిజిస్టర్‌లో ‘ట్రాన్సియెంట్’ అని రాసిన చోట రాయండి.