గోపాల్‌పూర్‌లో మెక్సికో విందు: సున్నం తగలని మొక్కజొన్న

బరంపురం స్టేషన్‌లో దిగాక గోపాల్‌పూర్ ఇంకో పదహారు కిలోమీటర్లు. స్టేషన్ బోర్డు మీద ‘బ్రహ్మపుర్’ అని ఉంటుంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరుపడేదాకా ఈ గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలోదే. బయట ఆటో బేరం తెలుగులోనే ఆడొచ్చు. ఈసారి వెళ్లింది పట్టుచీరలకూ కాదు, రుషికుల్య తాబేళ్లకూ కాదు. ఒడ్డునున్న ఓ పెద్ద రిసార్టువాళ్లు ఏడు వంటకాల మెక్సికన్ టేస్టింగ్ మెనూ పెట్టారు. తలకి 3,500 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ.

ఈ ఊళ్లో ఇలాంటి భోజనం కుదరకపోవడానికి కారణమేమీ లేదు. మెక్సికో వంటకి మూలం మొక్కజొన్న, సున్నం, మిరప, నిమ్మ. మొక్కజొన్నకి నబరంగపూర్ పెట్టింది పేరు. సున్నం ప్రతి పాన్ బడ్డీలోనూ ఉంది. వాళ్లు వాడే చిన్న నిమ్మా మన కాగితం నిమ్మా ఒకటే రకం, స్పానిష్‌వాళ్లు అటు మోసుకెళ్లారు. రొయ్యలైతే కళ్లముందే ఒడ్డుకి చేరతాయి. ఇన్ని ఉండి కూడా విందు చెడింది, అదీ మొదటి పళ్లెంలోనే.

మొదట వచ్చింది రొయ్యల అగువాచిలే, టోస్టాడా మీద. టోస్టాడా అంటే కరకరలాడేలా వేయించిన టోర్టిల్లా, అంటే పల్చటి మొక్కజొన్న రొట్టె. సినలోవా తీరపు వంటకం ఇది. చీల్చిన పచ్చి రొయ్యల మీద నిమ్మరసం, పచ్చిమిర్చి, కొత్తిమీర కలిపి రుబ్బిన పులుసు పోసి, కీరా, ఉల్లిపాయ వేసి అప్పటికప్పుడు అందిస్తారు. రొయ్య పైన తెల్లబడి లోపల ఇంకా పచ్చిగా, మెత్తగా ఉండాలి. మాకొచ్చినవి గంటల తరబడి నానినవి. పులుపు మాంసకృత్తుల్ని బిగించేస్తుంది, ఎక్కువసేపు ఉంచితే నీరు వదిలేసి రబ్బరులా సాగుతాయి. నానబెడితే క్రిములు చస్తాయనుకోవడం కూడా పొరపాటే. నిమ్మరసం అన్ని బ్యాక్టీరియానూ చంపదు. పచ్చివి వద్దనుకునేవాళ్లు రొయ్యల్ని అర నిమిషం మరిగే నీళ్లలో ముంచి తీసి, వెంటనే ఐసు నీళ్లలో వేసుకుంటే రుచి పెద్దగా పోదు.

కింది టోస్టాడా తోలులా సాగింది. సముద్రపు గాలికి మెత్తబడిందన్నాడు వడ్డించే అబ్బాయి. గాలి పాత్ర కొంత ఉండొచ్చు. అసలు లోపం వేరే. టోర్టిల్లాని రాత్రంతా ఆరబెట్టి, 180 డిగ్రీల నూనెలో బుడగలు పూర్తిగా ఆగేదాకా వేయించాలి. బుడగలు వస్తున్నాయంటే లోపల ఇంకా తడి ఉన్నట్టే. ప్యాకెట్టులోంచి తీసినదాన్ని తీసినట్టే నూనెలో వేస్తే పైన రంగొస్తుంది, లోపల చెమ్మ మిగులుతుంది.

రెండోది గ్వాకమోలే, అంటే అవకాడో పచ్చడి, నల్లబడింది, దాని సంగతి వదిలేద్దాం. మూడోది టాకో, అంటే కూర పెట్టి మడిచే టోర్టిల్లా. మడవగానే చిట్లి, కోడికూర వేళ్ల మీదుగా కారింది. పెనం దగ్గరున్న కుర్రాడు శ్రీకాకుళం వైపువాడు. పిండి ఏమిటని అడిగితే దాచకుండా చెప్పేశాడు: “సగం మొక్కజొన్న పిండి, సగం మైదా సార్. ఉత్త మొక్కజొన్నైతే ఇరిగిపోతన్నాయి.”

విరగకేం చేస్తాయి! ఎండు గింజని మరపట్టించిన పిండికి సాగే గుణం లేదు. గోధుమలో ఉన్నట్టు గ్లూటెన్ ఉండదు. మెక్సికోలో గింజని ముందు సున్నపు నీళ్లలో ఉడికిస్తారు, అలా ఉడికిన గింజనే నిక్స్టమాల్ అంటారు. సున్నం గింజ పై పొట్టులోని బంకపదార్థాన్ని కరిగిస్తుంది, పిండి పట్టుకుని ఉండేది దానివల్లే. టోర్టిల్లాకి ఆ వాసన వచ్చేదీ దానివల్లే. గింజలో బిగుసుకుని ఉన్న నయాసిన్ అనే విటమిన్ కూడా అప్పుడే ఒంటికి పడుతుంది. మొక్కజొన్నని ఒంటపట్టించుకున్న ఐరోపావాళ్లు సున్నం సంగతి పట్టించుకోలేదు, ఆ విటమిన్ లోపంతో వచ్చే పెల్లాగ్రా జబ్బుతో తరాల తరబడి బాధపడ్డారు.

పద్ధతి కష్టమేమీ కాదు. కిలో ఎండు గింజలకి మూడు లీటర్ల నీళ్లు, పది గ్రాముల తినే పొడి సున్నం. పాన్ బడ్డీ తడి సున్నమైతే నీటి బరువు ఉంటుంది కాబట్టి పదిహేను నుంచి ఇరవై గ్రాములు. రంగూ సువాసనా కలపనిదే తీసుకోవాలి. గిన్నె స్టీలుదే అయ్యుండాలి, అల్యూమినియాన్ని సున్నం తినేస్తుంది. సన్నని మంట మీద ముప్పై నలభై నిమిషాలు ఉడికించి, దించి, మూతపెట్టి రాత్రంతా వదిలేయాలి. పొద్దున గింజని రెండు వేళ్ల మధ్య రుద్దితే పొట్టు జారిపోవాలి. కొరికితే నడిమధ్య చిన్న తెల్లటి చుక్క పొడిగా మిగలాలి. ఆ చుక్క కూడా లేకుండా ఉడికితే పిండి జిగురై పెనానికి అంటుకుంటుంది. రెండు నీళ్లలో కడిగితే చాలు. పొట్టు మొత్తం పోయేదాకా తోమితే పట్టుకునే గుణమూ పోతుంది. అసలు కడగకపోతే నాలుక మీద సున్నపు ఘాటు మిగులుతుంది. విత్తనాల షాపులో గింజలకి మందు పట్టించి ఉంటారు, వాటి జోలికి పోకూడదు. స్వీట్ కార్నూ పనికిరాదు.

రుబ్బడం దగ్గరే చాలామంది దెబ్బతింటారు. మెక్సికోవాళ్లు మెటాటే అనే రాతి మీద నూరుతారు, మన సన్నెకల్లుకి దగ్గరి చుట్టం. వెట్ గ్రైండర్లో వేస్తే దోసెల పిండిలా జారైపోతుంది. గుప్పెడు గుప్పెడు వేస్తూ, చెంచాడు చెంచాడు నీళ్లు చిలకరిస్తూ రుబ్బాలి. ముప్పై గ్రాముల ఉండ నొక్కినప్పుడు అంచులు పగిలాయంటే నీళ్లు చాలలేదు, చేతికి అంటుకుంటే ఎక్కువయ్యాయి. బాగా కాలిన పెనం మీద పదిహేను సెకన్లకి ఒకసారి, ముప్పావు నిమిషానికి మరోసారి తిరగేస్తే, మూడోసారి పొంగాలి. కాల్చినవి బట్టలో చుట్టి పెడితే మెత్తబడతాయి. మాకు చల్లారినవే ప్లేటులో పరిచి తెచ్చారు. గింజతో ఇంత పని వద్దనుకుంటే సున్నంలో ఉడికించిన మొక్కజొన్న పిండి, అంటే మాసా హరీనా, ప్యాకెట్లలో దొరుకుతుంది. 3,500 పెట్టించుకునే భోజనానికి కనీసం అదైనా వాడాలి.

నాలుగోది వచ్చాక నలభై నిమిషాల ఖాళీ. అటు బఫే, ఇటు ఏడు వంటకాలు, రెండింటికీ ఒకటే వంటగది. టేస్టింగ్ మెనూలో ఒక్కో పళ్లెం రెండు మూడు ముద్దలే ఉంటుంది కాబట్టి పది పదిహేను నిమిషాల్లో తరువాతిది రావాలి. లేకపోతే ఆకలి ఒకసారి చచ్చి మళ్లీ పుడుతుంది. శాకాహారులకి మరీ అన్యాయం: ప్రతి పళ్లెంలోనూ కోడీ రొయ్యా తీసేసి పనీర్ పెట్టారు. చిక్కుడు గింజలు, గుమ్మడి, కాక్టస్ ఆకు, పుట్టగొడుగులు, ఇన్ని శాకాహారాలున్న వంట అది.

ఐదోదైన మోలే కోసమే, అంటే ఎండుమిరపతో చేసే చిక్కటి పులుసు కోసమే, ఎక్కువ ఆశపడ్డాం. మెక్సికో నగరంలో పుజోల్ అనే రెస్టారెంట్‌ది ఒక ప్రసిద్ధ పళ్లెం ఉంది. వెయ్యి రోజులు దాటి కాస్తూ, కొత్తది కలుపుతూ వచ్చిన పాత మోలే వలయం, దాని మధ్యలో తాజా మోలే చుక్క, పక్కన టోర్టిల్లా, అంతే. ఆ రూపం ఇక్కడ దింపారు. రెండు వలయాలూ ఒకే గిన్నెలోవి, మధ్యదానికి కాస్త టొమాటో కలిపారు. చాక్లెట్ ఎక్కువై మిఠాయి తిన్నట్టుంది, పైగా గరం మసాలా వాసన. మోలేలో చాక్లెట్ ఆఖర్న చిన్న ముక్క, చేదు మిరపని సర్దడానికే. వాళ్ల ఆంచో మిరప ఎండుద్రాక్ష రుచితో, కారం తక్కువగా ఉంటుంది. దొరక్కపోతే బ్యాడిగి కొంతవరకు పనికొస్తుంది, గుంటూరు మిరప పనికిరాదు. గింజలు తీసి, పెనం మీద కొన్ని సెకన్లు మాత్రమే వేడిచేసి, నానబెట్టి రుబ్బి, వడకట్టి, కొవ్వులో వేయించి, నూనె పైకి తేలేదాకా మరిగించాలి. వీళ్లు మిరప్పొడి నూనెలో వేశారు. పొడి క్షణంలో మాడి చేదవుతుంది, ఆ చేదుని చాక్లెట్‌తో కప్పబోయారు.

ఆరోది సోర్బే. ఏడోది ట్రెస్ లెచెస్, అంటే మూడు రకాల పాలలో నానబెట్టిన కేకు, అది మాత్రం బాగుంది, పాలు అడుగుదాకా పీల్చుకుంది.

బిల్లులో పది శాతం సర్వీస్ చార్జీ వేశారు. 2022 జూలైలో వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం దాన్ని బిల్లులో తమంతట తాము కలపకూడదు, ఇవ్వడం మన ఇష్టం. తీసేయమంటే వాదించకుండా తీసేశారు. ఇలాంటి విందుకి వెళ్లేవాళ్లు బుక్ చేసేటప్పుడే రెండు మాటలు అడిగి ఉంచుకోండి: టోర్టిల్లా అక్కడే కాలుస్తారా, ఏ పిండితో? వంటగది ఆ రాత్రి ఇంకెవరికి వండుతోంది? తిరుగు ఆటో కూడా ముందే మాట్లాడి పెట్టుకోవాలి, మా విందు ముగిసే వేళకి బీచ్ రోడ్డులో ఒక్కటీ లేదు.